తనది కాని మెప్పు

వేపచెట్టు నీడలో పూలగంప లేదు.

రోజూ కూలీలు చేలో అడుగుపెట్టే వేళకే అక్కడ ఉండాల్సిన గంప అది. విత్తనపత్తి వేసిన ఇంట్లో తెల్లవారగానే జరగాల్సిన మొదటి పని, మగచేలోకి పోయి పూలు తెంపుకొచ్చి, తడిగుడ్డ కప్పి నీడన పెట్టడం. ముందురోజు సాయంత్రం ఆడచేలో రేకులు ఒలిచి పెట్టిన మొగ్గలన్నీ ఆ పూల పుప్పొడి కోసమే కాచుకొని ఉంటాయి. ఎండ ముదిరేలోపు రుద్దకపోతే ఆ మొగ్గ రాలిపోవడమే తప్ప కాయ కట్టదు. ఆ పూలు తెంపే పని కిష్టమ్మది. కోడలు కాపురానికి రాకముందు నుంచీ ఆమెదే.

ఇవాళ గంపా లేదు, కిష్టమ్మా లేదు.

కొడుకు జగదీశ్ తానే కాలువ దాటి మగచేలోకి పరుగెత్తాడు. తిరిగొచ్చేసరికి కండువాలో గుప్పెడు పూలు, ముఖంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. మగచేలో దాదాపు ఏ చెట్టుకూ పూలు లేవట. ఎవరో అప్పటికే తెంపుకుపోయారట.

"ఎవరో కాదు, అమ్మనే" అన్నాడు. "తెంపింది. తెంపి యాడికి పోయింది?"

కూలీలు సాళ్ల మధ్య చేతులు ఖాళీగా వేలాడేసుకొని నిలబడ్డారు. అతని భార్య రేఖ కొంగు నడుముకు చుట్టుకొని, విప్పి, మళ్లీ చుట్టుకుంది.

"నువ్వేమన్న అన్నవా ఆమెను?"

పొద్దుటి నుంచీ అతను అదే అడుగుతున్నాడు. రేఖ కూడా పొద్దుటి నుంచీ అదే చెబుతోంది.

"నేనేమంట? ఒక్క మాట అనలే."

దేవుడి సాక్షిగా అది నిజం. నిన్న ఆమె ఒక్క మాట అనలేదు. అనాల్సిన చోట అనకుండా పళ్లు కనిపించేలా నవ్వి ఊరుకుంది. తేలు కుట్టిన దొంగకు నోరెక్కడిది చెప్పుకోవడానికి?

ఇద్దరూ ఇంటికి పోయి మళ్లీ వెతికారు. కిష్టమ్మ చెప్పులు గడప పక్కన ఉన్నాయి. అదేమీ వింత కాదు, పూత మీదున్న చేలోకి ఆమె ఎన్నడూ చెప్పులతో పోదు. చీరలు దండెం మీద ఉన్నాయి. మీటల ఫోను కొక్కేనికి వేలాడే సంచిలో ఉంది. జగదీశ్ తన ఫోను నుంచి చేస్తే అది సంచిలోనే మోగింది. మోగుతున్నంతసేపూ ఇద్దరూ దాని వంకే చూశారు తప్ప ఎవరూ ఆపలేదు.

పానగల్‌లో ఉండే మేనమామ తిరుపతయ్యకు ఫోను చేశాడు. అక్క రాలేదని ఆయన చెప్పాడు. చెప్పి ఊరుకోక, ఇంట్లో ఏం జరిగింది, ఆ మనిషి ఊరికే గడప దాటే మనిషి కాదే అని గుచ్చి గుచ్చి అడిగాడు. ఏం జరగలేదు మామా అన్నాడు జగదీశ్. అంటూ రేఖ వైపు చూశాడు.

ఆ చూపు రేఖకు కొత్త కాదు. పోయిన ఏడు ఇలాంటి చూపు తట్టుకోలేకనే బట్టలు సర్దుకొని నాగర్‌కర్నూల్‌లో తల్లిగారింటికి పోయింది. చేసిన పనికి గుర్తింపు లేదు, చెప్పిన మాటకు విలువ లేదు, మొగుడి నోట తిట్టు తప్ప మంచిమాట వినలేదు అని పంచాయితీలో మొహమాటం లేకుండా చెప్పింది. పత్తి ఏరడం అయిపోయేదాకా రాలేదు. ఇక ఆ కాపురం అతుకు పడదనే అనుకున్నారంతా. కిష్టమ్మ ఒక్కతే నెలకోసారి బస్సు ఎక్కి వచ్చి, కోడలి పక్కన కాసేపు కూర్చొని, చాయ తాగి, ఏమీ అడగకుండా తిరిగి పోయేది.

ఆఖరికి ఇద్దరూ కలిసి గద్వాలలో ఒక తరగతికి పోయారు. క్రాంతి కుమార్ అని ఒకాయన భార్యాభర్తలను ఎదురెదురు కూర్చోబెట్టి, సంతోషంగా ఉండే అలవాట్లు నేర్పిస్తాడు. రోజూ ఒకే వేళకు, నిన్న నాకు నువ్వు ఈ మేలు చేశావు అని ఒకరికొకరు చెప్పుకోవాలన్నాడు. ఒక్కరోజు కూడా తప్పకూడదన్నాడు. చివరన ఇంకో మాట అన్నాడు.

"మనవాళ్లకు మెప్పు తీసుకోవడం రాదమ్మా. 'అయ్యో, నేనేం చేశాను' అంటారు. అట్లా కాదనకండి. నవ్వుతూ తీసుకోండి."

ఆయన మంచికే చెప్పాడు పాపం. మందు మంచిదే, తాగినవాళ్ల కడుపులో ఏముందో వైద్యుడికేం తెలుసు.

మొదట్లో సిగ్గుతో చచ్చేవాళ్లు. ఇంట్లో చెప్పుకోవడానికి నోరు రాక, పువ్వు రుద్దేటప్పుడు ఒకే సాలుకు అటూ ఇటూ నిలబడి, మొగ్గల మీద చూపు పెట్టి చెప్పుకునేవాళ్లు. కూలీలు ముసిముసిగా నవ్వేవారు. పోనుపోను ఆ వేళ కోసమే తెల్లవారుతున్నట్టు ఉండేది రేఖకు. జగదీశ్ తిట్టడం తగ్గించాడు. వెతకడం మొదలుపెట్టాడు. రేపు భార్యకు ఏం చెప్పాలా అని ఇల్లంతా కళ్లతో వెతుక్కునేవాడు. అన్నం వడ్డిస్తే చూశాడు, నీళ్లు కాచిపెడితే చూశాడు. మనిషి మారాడంటే మారాడు మరి.

అలా వెతుకుతూ వెతుకుతూ ఒకరోజు, "చొక్కాకు గుండీ ఊడితే నేను అడగకముందే కుట్టినవు" అన్నాడు.

రేఖ ఆ గుండీ కుట్టలేదు. అది అత్తమ్మ కుట్టింది. చెప్పాలని నోరు తెరిచింది. కాదనకూడదు కదా అని గుర్తొచ్చి నవ్వింది.

తెగిన చెప్పుకు కొత్త తోలు వారు వేయించినందుకు మెచ్చుకున్నప్పుడు నోరు కూడా తెరవలేదు. సజ్జరొట్టెకు నువ్వులు అద్దినందుకు మెచ్చుకున్నప్పుడైతే ఇంకా ఏమంటాడా అని చెవి ఒగ్గి విన్నది. కిష్టమ్మ వెనక సాలులో పూలు అందిస్తూ ఉండేది. వినపడదేమోలే అనుకునేది రేఖ. మనకు కావలసినట్టు అనుకోవడానికి ఖర్చేముంది?

ఇక నిన్న పొద్దున.

మొన్నటి వారం జగదీశ్‌కు జ్వరం తగిలింది. ఒళ్లు కాలిపోయింది, కళ్లు తెరవలేదు. మొగ్గలు ఒలిచే పని ఆగదు కనుక రేఖ కూలీలతో చేలోనే ఉంది. మధ్యలో చూసిపోదామని ఇంటికొచ్చి, వాకిట్లోనే ఆగిపోయింది. కిష్టమ్మ కొడుకు తల దగ్గర కూర్చొని నుదుటి మీద తడిగుడ్డ మారుస్తోంది. జగదీశ్ కలవరిస్తూ "రేఖా" అన్నాడు. కిష్టమ్మ "ఊ" అంది. మళ్లీ పిలిచాడు. మళ్లీ "ఊ" అంది. కోడలి పేరుకు తను పలుకుతోంది. రేఖ ఆ వాకిట్లో కాసేపు నిలబడి, లోపలికి పోకుండానే చేలోకి తిరిగిపోయింది.

జ్వరం తగ్గి నిన్న మళ్లీ సాలులోకి వచ్చిన జగదీశ్ పువ్వు రుద్దడం ఆపి చెప్పాడు.

"పొద్దంత నా తలకాడనే కూసున్నవు. గుడ్డ ఆరనియ్యలే. నిజం చెప్త రేఖా, మా అమ్మ గూడ నాకు ఎన్నడు గట్ల చెయ్యలే."

వెనక సాలులో పూలు అందిస్తున్న చెయ్యి ఆగిపోయింది. రేఖ తలెత్తింది. అత్తా కోడళ్ల చూపులు కలిశాయి. ఆ క్షణాన చెప్పినా సరిపోయేది. రేఖ నవ్వింది. అలవాటైన నవ్వు, అత్త ముఖంలోకి చూస్తూనే నవ్వేసింది.

కిష్టమ్మ పూలు పంచి, ఖాళీ గంప పట్టుకొని ఇంటికి పోయింది. సాయంత్రం వండింది, పెట్టింది. తను తిన్నదో లేదో ఎవరూ చూడలేదు.

అదంతా కడుపులో పెట్టుకొని ఇవాళ రేఖ మళ్లీ చేలోకి వచ్చేసరికి కూలీల పెద్ద జంగమ్మ గట్టు మీద ఎదురుచూస్తోంది. జగదీశ్‌ను పక్కకు పిలిచింది. తెల్లవారుజామున కాలువ గట్టు మీద కిష్టమ్మను చూసిందట. తల మీద గంప ఉందట. ఏందక్కా ఆ దిక్కు పోతున్నవు, చేను ఈ దిక్కు గదా అంటే వెనక్కి తిరిగి చూడలేదట.

"ముందే ఎందుకు చెప్పలే?" అన్నాడు జగదీశ్.

"ఏమని చెప్పాలె పటేలా? మీ ఇంటి ముచ్చట మాకెందుకని." జంగమ్మ చూపు రేఖ మీదికి పోయింది. "సొమ్మొకరిది సోకొకరిది అయితే ముసలి పానం ఎంతకని ఓర్సుకుంటది?"

జగదీశ్‌కు అర్థం కాలేదు. కూలీలందరికీ అర్థమైంది. ఒక్కరూ ఆశ్చర్యపోలేదు. రేఖ వాళ్ల ముఖాలు ఒక్కొక్కటే చూసింది. అంటే వీళ్లందరికీ తెలుసు. రోజూ ముసిముసిగా నవ్వింది తమ సరసం చూసి కాదు.

కాలువ నిండుగా పారుతోంది. పైన కృష్ణకు వరద తగిలిన నాటి నుంచీ ఇదే పోత, ఎర్రటి నీళ్లు, అడుగు కనపడదు. గట్టు వెంట బండి మీద జగదీశ్ ముందు, రేఖ వెనక. కాలువ మీద రోడ్డు దాటే మోరీ దాకా పోయేసరికి కానుగ పొద కింద గంప కనిపించింది.

ఎవరో విసిరేసినట్టు లేదు. నీడ చూసి, కింద ఆకులు పరిచి, కుదురుగా పెట్టి ఉంది. జగదీశ్ కప్పిన గుడ్డ తీశాడు. గంప నిండా పూలు. ఒక్కటి వాడలేదు. గుడ్డ ఇంకా తడిగానే ఉంది.

గంప పక్క నుంచి గట్టు దిగుడుగా నీళ్లలోకి పోతుంది.

"అమ్మా" అని పిలిచాడు జగదీశ్. అరవలేదు, ఇంట్లో పక్కగదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు పిలిచాడు. నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. అతను గట్టు మీద కూలబడ్డాడు.

అప్పుడిక రేఖ వల్ల కాలేదు.

"నీకు జ్వరమొచ్చిన నాడు తలకాడ కూసున్నది నేను గాదు" అంది. "అత్తమ్మ."

అతను తల తిప్పలేదు. నీళ్ల వైపే చూస్తూ అడిగాడు.

"గుండీ?"

"అత్తమ్మనే."

"నా చెప్పు?"

"అత్తమ్మనే. సంతకు పోయినప్పుడు ఏయించుకొచ్చింది."

"రొట్టె మీద నువ్వులు?"

రేఖ తల ఊపింది. జగదీశ్ అప్పుడు ఆమె వైపు తిరిగాడు.

"నేను నిన్న ఆ మాట అన్నప్పుడు ఆమె యాడుంది?"

"మన ఎనక సాల్లనే."

"ఇన్నదా?"

"ఇన్నది."

"నువ్వు సూసినవా ఆమెను?"

"సూసిన."

ఇంత దాకా నెమ్మదిగా అడిగినవాడు ఒక్కసారిగా లేచాడు. చెయ్యి ఎత్తుతాడేమోనని రేఖ కళ్లు మూసుకుంది. ఎత్తలేదు. ఎత్తినా బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది ఆమె.

"సూసి నవ్వినవు" అన్నాడు.

రేఖకు దుఃఖం, దాని వెంటే కోపం కూడా వచ్చింది. తప్పు తనదే, కాదనదు. కానీ తన ఒక్కదానిదేనా? "కాదనొద్దని నేర్సుకుంటిమి గద, నాకు మెప్పు కొత్త, ఇడువబుద్ధి గాలే" అంది. "మరి నువ్వు? ఇల్లంత కండ్లతో ఎతికినవు. ఆమె ఒక్కతి నీ కండ్లకు ఆనలే. పని కనపడ్డది గని పని చేసిన మనిషి కనపడలే. నన్నంటవు గని, కొడుకువు నీకు తెల్వదా మీ అమ్మ కుట్టు?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. జగదీశ్ ముఖం చూసి, అనకుండా ఉండాల్సిందని రేఖకు అప్పుడే తెలిసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం.

అతను వంగి గంప మీద గుడ్డ సరిచేశాడు. పూలను కూలీలకు ఇచ్చి రమ్మనలేదు, పారబోయమనీ చెప్పలేదు. కింద తూము దగ్గర ఈత వచ్చినవాళ్లు ఉంటారు, పోయి పిలుచుకొస్తానన్నాడు. తానూ వస్తానని రేఖ రెండడుగులు వేసింది.

"నువ్వు రాకు."

బండి తాళం తిప్పుతూ, ఆమె వైపు చూడకుండా అన్నాడు.

"రేపటి సంది నువ్వు నాకేం చెప్పకు, నేను నీకేం చెప్ప. అమ్మ దొరికినా గంతే, దొరకకున్నా గంతే. ఇగ అయిపోయింది."

బండి గట్టు వెంట పోయింది. దుమ్ము లేచి కానుగ ఆకుల మీద వాలింది. రేఖ గంప పక్కన చతికిలబడింది. నీళ్లలో ఏదో కొట్టుకొస్తుంటే ముందుకు వంగి చూసింది. జొన్నచొప్ప మోపు. అది మోరీ కిందికి పోయేదాకా చూపు తిప్పలేదు.

ఫోను మోగింది. పానగల్ నుంచి తిరుపతయ్య. మొదటిసారి రేఖ ఎత్తేలోపే ఆగిపోయింది. రెండోసారి ఎత్తింది.

"బిడ్డా, నేనే" అంది అవతలి గొంతు.

కిష్టమ్మ.

రేఖకు ఏడుపు వచ్చింది, చప్పుడు లేకుండా. అవతల కిష్టమ్మ మామూలుగా, కూర ఏం వండాలో చెప్పినట్టు చెబుతోంది. పూలు తెంపుకొని వస్తుంటే మోరీ కాడ ఆటో కనిపించిందట. ఎక్కిందట. బీచుపల్లి వంతెన మీద వాన పడిందట. బస్సులు మారి ఇప్పుడే చేరిందట. పూలు కానుగ కింద పెట్టింది, దొరికాయా, ఎండ పడకముందే రుద్దారా అని అడిగింది.

"దొరికినయి అత్తమ్మా" అంది రేఖ. రుద్దారని గానీ రుద్దలేదని గానీ చెప్పలేదు.

"ఫోను తమ్మునిది, ఎక్కువసేపు మాట్లాడ. ఒక్క ముచ్చట ఇను." కిష్టమ్మ గొంతు తగ్గించింది. "నేను చేసినయి నీ పేరు మీద పోతున్నయని నాకు ముందే తెల్సు. తెల్సే చేసిన. నువ్వు మల్ల మీ అమ్మగారింటికి పోతవని నా భయం. వానికి నీ మీద మనసు కుదిరేదాక చేద్దామనుకున్న. తలకాడ వాడు నీ పేరు పిలిస్తే పలికింది గూడ అందుకే."

రేఖ గట్టు మీది గడ్డిని పిడికిట పట్టుకుంది.

"వాడు అన్న మాటకు నాకు బాధ లేదు. తెల్వక అన్నడు. గని నువ్వు నా మొకం సూసుకుంట నవ్వినవు సూడు, అది ఓర్సుకోలేకపోయిన. అందుకే వచ్చిన. నాల్గు రోజులుండి వస్తనో, ఈడనే ఉంటనో నాకే తెల్వదు."

"అత్తమ్మా, నేను..."

"ఏడ్వకు. వానికి మాత్రం ఈ సంగతి చెప్పకు. ఎన్నడు చెప్పకు. చెప్పినవంటే నువ్వు చేసిన మంచి గూడ వాడు నమ్మడు. తమ్ముని మీద మనసు పోయింది, చూడబోయిందని చెప్పు. ఇన్నవా?"

దూరంగా తూము దగ్గర మనుషులు గుమికూడుతున్నారు. ఒకరెవరో చొక్కా విప్పుతున్నారు. రేఖ లేచి నిలబడి చెయ్యి ఊపింది. అంత దూరంలో ఎవరూ ఇటు చూడలేదు.

"ఇంకొకటి" అంది కిష్టమ్మ. ఈసారి గొంతులో కొంచెం సిగ్గు. "రోజు మీ ఎనక పూలు అందిచ్చుకుంట వాడు చెప్పేది ఇంటుంటి. పేరు నీదే గని, అన్ని నాకే చెప్తున్నడని లోపల లోపల సంబురపడుతుంటి. రేపు పొద్దుగాల వాడు నీకేం చెప్తడో జర ఫోన్ చేసి నాకు చెప్పు బిడ్డా. ఇనకుంటే మనసున పట్టది."

బండి చప్పుడు ఇటువైపే వస్తోంది.

"చెప్త అత్తమ్మా" అంది రేఖ.